కొత్త పిస్టన్లు

"ఇంజను బోరు చేసి కొత్త పిస్టన్లు వేశాను రాజుగారూ, తీసుకెళ్ళండి," అన్నాడు మెకానిక్ పరదేశి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

కొత్త పిస్టన్లు వేసిన ట్రాక్టరు కొన్నాళ్ళు బరువు లాగకుండా మెల్లగా తిరగాలి. లేకపోతే ఇంజను వేడెక్కి, బిగుసుకుని పట్టేస్తుంది. రాయపూర్‌లో తన షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పి పంపే పరదేశి, ఇవాళ నోరు కుట్టేసుకున్నాడు.

పోయిన నెల ఇదే ఇంజను పట్టేస్తే, ట్రాక్టరు యజమాని ఈ సత్తిరాజు తన డ్రైవరు రామయ్యని నలుగురిలో చెంప పగలగొట్టి తరిమేశాడు. రామయ్య పరదేశి తమ్ముడని ఆయనకి తెలీదు.

ఇంజను మళ్ళీ పట్టెయ్యాలి. నడిరోడ్డు మీద పట్టెయ్యాలి.

"ఇవాళే ట్రాలీ నిండా ధాన్యమేసి తిల్దా మిల్లుకి తోలెయ్," అని కొత్త డ్రైవరుకి చెప్పి, సత్తిరాజు జీపెక్కి పోయాడు.

కొత్త డ్రైవరు భీమారావు మాత్రం సీటు ఎక్కకుండా నిలబడ్డాడు.

"ఎలా తోలమంటావన్నా? పాత డ్రైవర్ని కొట్టాడంట. పిల్లలు గలవాణ్ణి."

చేతులు తుడుచుకుంటున్న పరదేశి ఆగిపోయాడు. ఇంజను పట్టేస్తే ఆ దెబ్బ ఎవరి చెంప మీద పడుతుందో అప్పుడు తట్టింది.

"వారం దాకా ట్రాలీ తగిలించకు. బరువు లాగితే ఇంజను పట్టేస్తుందని ఆయనతో అందరూ వినేలా చెప్పు."

"వినకపోతే?"

"వినడు. సీటు దిగి, ఆయన్నే తోలుకోమను."

"దిగిపోమంటావా?"

"ఇంజను వేడెక్కుతోంది ఆపుదామని మా తమ్ముడు రామయ్య కూడా చెప్పాడు," అన్నాడు పరదేశి. "దిగకపోవడమే వాడు చేసిన తప్పు."