నిమ్మచెక్కంత ముక్క

"గ్రాఫులో ఈ కడ్డీలు తీసెయ్ చెల్లీ. ఇస్త్రీ హాలుది ఒక్కటే తాటిచెట్టులా లేచింది. మన బట్టలు కొనే బయ్యరు జడుసుకుంటాడు," అన్నాడు మేనేజర్ వుతీ.

పనిలో ఎంతమంది సొమ్మసిల్లి పడిపోతున్నారని కంబోడియా రాజధాని ఫ్నోంపెన్‌లోని ఆ బట్టల ఫ్యాక్టరీ చేసిన సర్వే అది. గ్రాఫు గీసిన చన్‌మొనీకి సొంత అక్క ఇస్త్రీ హాల్లోనే పనిచేస్తోంది.

"అంకెలు మార్చాలా అన్నా?"

"ఛ, పాపం! ఫ్యాక్టరీ జనాన్నంతా ఒకే గుండ్రంలో చూపించు. అంతే."

చూపించింది. పడిపోయినవాళ్ళంతా నిమ్మచెక్కంత ముక్కలో ఒద్దికగా సర్దుకున్నారు.

బయ్యరు మురిసిపోయాడు. "ఇంతేనా! అయితే ఇస్త్రీ హాలువాళ్ళు అడిగే ఫ్యాన్లెందుకు?"

అతను వెళ్ళాక చన్‌మొనీ గ్రాఫు మడుస్తూ అంది. "మా అక్క నిన్న కూడా పడిపోయిందన్నా."

"అయ్యో! దిగులుపడకు చెల్లీ," అన్నాడు వుతీ. "వచ్చే ఏడు ముక్క కాస్త లావుగా గీద్దువులే."