మూడో కాగితం

ట్రస్టు పత్రంలో మూడో కాగితం లేదు.

"చూశారా లాయరమ్మగారూ! అన్నయ్య కోసిపారేశాడు!" తమ్ముడు ఎడమచేత్తో పుస్తకాన్ని బల్ల మీదికి తోశాడు.

లాయరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. బైండింగ్ పనిలోనే బతికిన తండ్రి, తన ట్రస్టు పత్రాన్ని కూడా తానే పుస్తకంలా కుట్టుకున్నాడు. అలాంటి కుట్టులో ఒక కాగితం కోస్తే, మడతకు అవతలనున్న దాని జంట కూడా ఊడి రావాలి. రాలేదు. సన్నగా జిగురు పూసి అతికించారు.

"ఇది పని తెలిసినవాళ్ల చెయ్యి" అందామె.

"మా ఇంట్లో పని తెలిసినవాళ్లం ఇద్దరమే. అందులో పనిమంతుడు ఎవరో నాన్న ఊరంతా చాటాడుగా!"

బతికినన్నాళ్లూ నాన్నది అదే పాట. పెద్దాడి కుట్టు చూడండి, పెద్దాడు తిప్పిన అట్ట మూలలు చూడండి. చిన్నవాడు కుట్టిన పుస్తకాన్ని మాత్రం ఓసారి తిరగేసి, మాట్లాడకుండా దొంతిలో పెట్టేసేవాడు. చివరికి షాపును ట్రస్టులో పెట్టి, తాళాలు కూడా పెద్దాడి చేతికే ఇచ్చి పోయాడు.

పత్రం చూపించమంటే అన్నయ్య నోట ఒకటే మాట, "ఏడాది ఆగరా." లబ్ధిదారుడికి పత్రం చూసే హక్కుంది, చూపించక తప్పదని లాయరమ్మ చెప్పాకే బీరువా తెరుచుకుంది.

"మీరేమంటారు?" అని ఆమె అన్నయ్యను అడిగింది.

"నేనసలు విప్పనేలేదండీ. నాన్న నోటితో చెప్పింది చాలనుకున్నా."

"నంగనాచి కబుర్లు!" తమ్ముడు లేచాడు. "రాయండి మేడమ్. ఈ కాగితం కోసినవాడు ఇక షాపు తాళాలు ముట్టుకోకూడదు. ఇద్దరం సంతకం పెడతాం."

"ఆలోచించుకోరా."

"ఏం, భయమేస్తోందా?"

లాయరమ్మ రాసిచ్చిన కాగితం మీద అన్నయ్య నిట్టూర్చి సంతకం పెట్టాడు. తమ్ముడు పెన్ను లాక్కుని తన సంతకం గీకేశాడు. వంచిన అన్నయ్య తలను చూస్తుంటే కడుపు చల్లబడింది.

లాయరమ్మ సొరుగులోంచి లక్క ముద్ర వేసిన కవరు తీసింది.

"పత్రానికి నకలు. తాను పోయి ఏడాది నిండాక తెరవమన్నారు మీ నాన్నగారు. నిన్నటితో నిండింది."

"నకలా?" అన్నాడు తమ్ముడు.

ఆమె మూడో కాగితం చదివింది. "'పెద్దాడి చేతిలో పనితనం ఉంది. షాపు నడిపే తెలివి మాత్రం చిన్నోడిది. ఏడాది తర్వాత తాళాలు వాడికే. ముందే చెబితే నెత్తికెక్కుతుంది, చెప్పకండి.'"

అన్నయ్య జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ నీకిద్దామనే తెచ్చాన్రా."

తర్వాత పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, కోసిన అంచు మీద బొటనవేలు నడిపించాడు. వేలు మధ్యలో ఆగింది.

"కత్తి ఎడమచేతి వాటంగా దిగింది" అన్నాడు మెల్లగా.

పెన్ను ఇంకా తమ్ముడి ఎడమచేతిలోనే ఉంది. గుత్తిని చూశాడు. సంతకాలు చూశాడు. పెన్ను కింద పెట్టాడు.

"నాన్న పోయిన మర్నాడు, బీరువాకి నువ్వు తాళం వెయ్యకముందే కోశానన్నయ్యా, 'పెద్దాడి చేతిలో పనితనం ఉంది' అన్న మొదటి ముక్క చూశాక ఆ కింద ఏముందో చదవబుద్ధి కాలేదు."