మర్యాద ఔటు

...వాడు కావాలనే తప్పిస్తాడు, అది మర్యాద, అందులో బాధపడటానికేముంది అనుకున్నాడు ఇనుయి.

అనుకున్నకొద్దీ బాధ ఎక్కువైంది.

బేస్‌బాల్‌లో రిటైరయ్యే పిచర్‌ని, అంటే బంతి విసిరేవాణ్ణి, మ్యాచ్ చివర్లో ఒక్క బ్యాటర్ కోసం మైదానంలోకి పిలుస్తారు. అవతలి జట్టువాడు మూడుసార్లు బ్యాటు గాలిలో ఊపి, ఔటై, తలవంచి వెళ్ళిపోతాడు. జనం కళ్ళు తుడుచుకుంటారు. పూలగుత్తులు వస్తాయి.

బెంచీ మీద కూర్చుని ఇనుయి కూడా ఎంతమందికో చప్పట్లు కొట్టాడు. అప్పుడా తంతు అతనికి అందంగానే కనిపించింది.

ఇవాళ తన వంతు. స్టాండ్ల పై నుంచి సముద్రపు గాలి. నెత్తిన అక్టోబరు ఎండ.

అతనికి తెలియాల్సింది ఒక్కటే. ఒకప్పుడు అతని బంతి బ్యాటు దాకా నేరుగా వచ్చి, ఆఖరి క్షణంలో కిందికి జారిపోయేది. ఇన్నేళ్ళూ అతనికి అన్నం పెట్టింది అదే. రెండేళ్ళుగా అది జారటం మానేసింది.

ఇవాళ జారుతుందా?

బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌ని అడగొచ్చు. కానీ వెళ్ళిపోయేవాడికి క్యాచర్ నిజం చెప్పడు. విసిరిన చేతికి తెలియదా అంటే, ఈ రెండేళ్ళూ చేయి ప్రతిసారీ జారిందనే చెప్పింది. చెప్పగలిగినవాడు నిజంగా కొట్టబోయే బ్యాటర్ ఒక్కడే. అలాంటివాడు ఇవాళ ఎదురుపడడు. రేపట్నించి ఎవరూ ఎదురుపడరు.

క్యాచర్ మికామి పరిగెత్తుకొచ్చి, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా, మూడూ నేరుగా వేసెయ్. వాడు ఊపేసి పోతాడు. వదిన అప్పుడే ఏడుపు మొదలెట్టింది."

"ఆవిడ టీవీలో వంటల పోటీ చూసి కూడా ఏడుస్తుంది. ఎవడ్రా ఆ వచ్చేది?"

"సెగావా అట. నాకూ తెలీదు. ఎప్పుడూ రెండో జట్టులోనే ఉంటాడు."

పేరున్నవాణ్ణి పంపటానికి కూడా వాళ్ళకి బద్ధకమైంది అనుకున్నాడు ఇనుయి.

మికామి నేరుగా వెయ్యమని సైగ చేశాడు. ఇనుయి తల అడ్డంగా ఊపాడు. జారే బంతే వేశాడు.

సెగావా ఊపాడు. తగల్లేదు. చప్పట్లు.

రెండోదీ అదే. బ్యాటు అంచుకి తగిలి గీత బయట పడింది. అదీ తప్పినట్టే లెక్క.

"ఒరేయ్, తప్పించటం కూడా చేతకాదురా నీకు!" అని జనంలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఇనుయికీ నవ్వొచ్చింది.

మూడో బంతికి సెగావా ఒళ్ళంతా తిప్పి ఊపాడు. హెల్మెట్ ఎగిరి పడింది. ఒక మోకాలు మట్టిలో దిగింది. బంతి మికామి చేతిలో ఉంది.

మ్యాచ్ అయిపోయింది. జనం నవ్వుతూనే ఏడ్చారు.

"జారింది అన్నా!" మికామి వచ్చి వాటేసుకున్నాడు.

"సర్లే," అన్నాడు ఇనుయి.

పూలగుత్తులూ ఫొటోలూ అయ్యాక అతను లోపలికి వచ్చాడు. నడవాలో గోడ పక్కన సెగావా నిలబడి ఉన్నాడు. మోకాలికి మట్టి అలాగే ఉంది.

"ఇనుయి గారూ, ఇన్నేళ్ళు చాలా కష్టపడ్డారండీ. ఆ ఆఖరి బంతి..."

"బాగా చేశావయ్యా. రెండోది పొరపాటున తగిలినా, మూడోదానికి మోకాలు కూడా వేశావు. అంత అక్కర్లేదు. నాటకాల్లో చేరు, పైకొస్తావు."

సెగావా తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"క్షమించండి," అని వంగి, వెళ్ళిపోయాడు.

అలా అనకుండా ఉండాల్సింది అనిపించింది ఇనుయికి. అది పశ్చాత్తాపం కాదు. కొట్టినవాడి అరచేయి కూడా కాసేపు మండుతుంది, అంతే.

అవతలి జట్టు బ్యాటింగ్ కోచ్ ఒగూషి డబ్బా కాఫీ పట్టుకుని వచ్చాడు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు.

"ఏరా, ఇంక పనిలేదుగా. నూడుల్స్ తిని పొట్ట పెంచు."

"నీ పొట్టతో నేనేం పోటీ పడతాను. అవునూ, మీవాడికి ఆ నటన నేర్పింది నువ్వేనా?"

"ఏ నటన?"

"అదే, సెగావా."

ఒగూషి నవ్వటం ఆపేశాడు.

"మర్యాదగా మూడూ తప్పించి రారా అనే చెప్పాను. వింటేనా! కొడతానండీ, జనం తిట్టినా సరే అన్నాడు మొండి వెధవ."

"ఎందుకు?"

"వచ్చే ఏడు ఉంచాలా వద్దా అని పైవాళ్ళు చూస్తున్నారు. ఇవాళ ఒక్కటి గట్టిగా తగిలితే ఉంచేసేవాళ్ళే. నీ బంతి ఇంకా జారుతుందని ఎవడనుకున్నాడ్రా!"

ఇనుయి కాఫీ అందుకోలేదు.

"ఎక్కడున్నాడు?"

"స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. మా బస్సు ఎక్కనన్నాడు."

నడవా చివర నేల తుడిచే ఆవిడ తప్ప ఎవరూ లేరు.

ఇనుయి పూలగుత్తిని గోడకి ఆనించి, టోపీ తీసి, తన ఆఖరి బంతిని నిజంగా కొట్టబోయి బతుకుతెరువు పోగొట్టుకున్న ఆ మనిషి వెళ్ళిన వైపుకి నడుము దాకా వంగాడు.