ఒక ముద్ద తింటే ఆఫీసు తెరుస్తారు

రోసినా చూపుడు వేలి మీద బొబ్బ లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. నొప్పి కూడా తెలియడం లేదు.

"పొయ్యిలో కాల్చిన రాయి తగిలినట్టుంది. కాస్త కొబ్బరి నూనె రాసుకో," అన్నాడు ఆమె అన్న లినస్, గుమ్మంలోనే నిలబడి.

"రాసుకుంటాలే."

అతను కదల్లేదు. వేలు చూడ్డానికి వచ్చినవాడు కాదు. పొద్దుటి నుంచి వస్తున్నాడు, అడగలేక వెళ్ళిపోతున్నాడు. ఇప్పటికి అడిగాడు.

"తింటావు కదమ్మా?"

రోసినా ఆ వేలిని పిడికిట్లో దాచుకుంది.

ఆమె కొడుకు సెల్విన్ గొడవల్లో పోయాడు. తండ్రిది అవతలి దీవి. ఆయన ఎప్పుడో పోయాడు గానీ, రెండు దీవులవాళ్ళూ తుపాకులు పట్టినప్పుడు సెల్విన్ తండ్రి మనుషుల్లో కలిశాడు. ఒకరోజు వాళ్ళతో పాటు ఈ తీరానికే వచ్చి దిగాడు. కొబ్బరి షెడ్డు దగ్గర ఈ ఊరి కుర్రాడు హడ్లీ అతన్ని కాల్చాడు. ఒక్కటే గుండు.

ఆ తర్వాత సర్కారు ఆఫీసు పోయింది. పోలీసులు పోయారు, నర్సు పోయింది. ఓడ రావడం మానేసింది. ఎండబెట్టిన కొబ్బరి గోనె సంచుల్లోనే బూజు పట్టింది. కాన్పు కష్టమైతే ఆడవాళ్ళు చచ్చిపోవడమే.

ఇప్పుడు విదేశీ సైనికులు వచ్చి తుపాకులన్నీ పోగేసి కోసి పారేశారు. దేశాన్ని మళ్ళీ నిలబెడుతున్నామని రాజధాని హోనియారా నుంచి రేడియో రోజూ చెబుతోంది. ఈ తీరాన్ని నిలబెట్టడానికి రూబెన్ అనే ఆఫీసరును పంపారు. అతను నిన్ననే రోసినా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. రెండు వైపులవాళ్ళూ ఒకే ఆకులో తింటే తప్ప ఆఫీసు తెరవరట. ఆఫీసు తెరిస్తే నర్సు, నర్సు వెనకే పోలీసులు, పోలీసులుంటేనే ఓడ. మొదటి ముద్ద మాత్రం ఆమే తినాలి. హడ్లీ చేత్తో పెట్టింది తినాలి.

"దేశం మొత్తం నీ నోటి దగ్గర ఆగింది పెద్దమ్మా," అన్నాడు రూబెన్.

"దేశానికంత ఆకలిగా ఉంటే అదే తినొచ్చుగా," అంది రోసినా.

పక్కనే ఉన్న లినస్ మాట మార్చాడు. ఆఫీసులో ఇప్పుడు పనిచేస్తున్నవి మన పందులేననీ, వేళకు వస్తున్నాయనీ, లంచం కూడా అడగడం లేదనీ అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తినకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అవతలి దీవివాళ్ళు పడవెక్కి వెళ్ళిపోతారు. ఈసారి వచ్చేటప్పుడు కబురు చేసి రారు. హడ్లీ బతికినంతకాలం ఈ ఇసకలో కాలు పెట్టలేడు. తింటే అతన్ని జైలు నుంచి ఇంటికి వదిలేస్తామని హోనియారా పోలీసులు మాటిచ్చారు. ఏ ఇంటికి అని ఎవరూ అడగలేదు.

లినస్ వెంట ఆమె నడిచింది.

చర్చి ముందు రెండు చాపలు పరిచారు. రోసినా వెళ్ళి పడవలో వచ్చినవాళ్ళ చాప మీద, ముందు వరసలో కూర్చుంది. ఎదుటి చాప మీద హడ్లీ ఉన్నాడు. జైలులో చిక్కిపోయాడు. చొక్కా అతనిది కాదు, భుజాలు జారుతున్నాయి. అతని పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీగా వదిలారు.

రూబెన్ పక్కనున్న విదేశీ సైనికుడికి గుసగుసగా చెబుతున్నాడు. ఈ తీరంలో పద్ధతి అదట. చంపినవాడి తల్లి వండాలి. పోయినవాడి తల్లి తినాలి. అప్పుడే పగ తీరినట్టు.

"మరి ఆ కుర్రాడి తల్లి రాలేదా?" అన్నాడు సైనికుడు, ఖాళీ చోటు చూసి.

"వచ్చింది. ఇక్కడే ఉంది," అన్నాడు రూబెన్. ఎవరినీ చూపించలేదు.

పడవవాళ్ళ పెద్ద లేచి రెండు మాటలు మాట్లాడాడు. హడ్లీ తరపున లినస్ మాట్లాడాడు. తర్వాత హడ్లీ అరిటాకు పొట్లం తీసుకుని, మోకాళ్ళ మీద నడుస్తూ వచ్చి రోసినా ముందు విప్పాడు.

దంచిన చేమదుంప, కొబ్బరిపాలు, పైన బాదం పప్పులాంటి నాలి గింజలు. ఆవిరి ఇంకా వస్తోంది.

నాలి గింజలంటే సెల్విన్‌కు పడేది కాదు. చిన్నప్పుడు ఒక్కొక్కటే ఏరి పక్క ఆకులోకి తోసేవాడు. ఎంత తిట్టినా వినేవాడు కాదు.

హడ్లీ ముద్ద తీసి చెయ్యి చాచాడు. రోసినా ఆ చేతినే చూస్తూ కూర్చుంది. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు ఊగడం ఆపేశారు. పడవవాళ్ళలో ఒకతను లేవబోయి ఆగాడు. ముద్దలోంచి కొబ్బరిపాలు హడ్లీ మణికట్టు మీదుగా కారాయి.

రోసినా నోరు తెరిచింది.

నమిలింది. మింగింది. పడవవాళ్ళ పెద్ద ముందుకు వంగి ఆకులో చెయ్యి పెట్టాడు. అతని వెనక ఇంకొకరు, తర్వాత ఎదుటి చాపవాళ్ళు. రూబెన్ మొహం తుడుచుకున్నాడు. చర్చి గంట ఎవరో కొట్టారు.

హడ్లీ మాత్రం మోకాళ్ళ మీద అలాగే ఉన్నాడు. రోసినా మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"గింజలు సరిగ్గా పడలేదురా చిన్నోడా, మీ అన్న ఏరేస్తాడని తక్కువ వేసి వేసి, పొద్దున వండేటప్పుడు కూడా చెయ్యి అలాగే పోయింది."