సారు వడుకుంటాడు

సోమవారం ప్రార్థన గంటకు ముందే బడి గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ‘సారు వడుకుంటాడు.’

హెడ్మాస్టర్ రామదాసు దాన్ని మూడుసార్లు చదివాడు. కళ్యాణదుర్గం నుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చి, దిగీ దిగగానే చదవవలసిన మాట కాదది.

“చూసినావా టీచర్?”

పుష్పావతి టీచర్ చూసింది. బడిలో ఉపాధ్యాయులు వాళ్ళిద్దరే. పిల్లలు ఇరవై ఇద్దరు.

“పిల్లల రాతలాగే ఉంది సార్. ప రాయాల్సిన చోట వ ఉంది.”

“వ సంగతి అట్లుండనీ. నేనెప్పుడు పడుకున్యా?”

పుష్పావతి ప్రార్థన గంట కొట్టడానికి పోయింది.

ఆమె ఈ బడికి జూన్‌లో వచ్చింది. చిన్నపిల్లలకు ఇసుకలో, పిండిలో అక్షరాలు దిద్దిస్తూ ఆటలాడిస్తానని వచ్చిన వారానికే అడిగింది. రామదాసు ఒప్పుకోలేదు. ఆటలకు శనివారం సాయంత్రం ఉంది, రాతకు కాపీ పుస్తకం ఉంది అన్నాడు. రోజుకు రెండు పేజీలు. పిల్లలు రెండు పేజీలూ నింపేవాళ్ళు. చూడకుండా ఒక్క అక్షరం రాయమంటే బిక్కమొహం వేసేవాళ్ళు.

అనుమానం రెండో తరగతి ఈశ్వరి మీదికి పోయింది. ప, వ లను ఎప్పుడూ తారుమారు చేసేది ఆ పిల్లే.

“ఈశ్వరి కాదు సార్,” అంది పుష్పావతి.

“నీకెట్ల తెలుసు?”

“నాకు తెలుసు సార్.”

అది రుజువు కాదన్నాడు రామదాసు. ఈశ్వరి నాయన మారెప్పను పిలిపించాడు.

మారెప్ప గొర్రెల కాపరి. మందను రోడ్డు అవతల నిలిపి, కంబళి భుజాన వేసుకుని వచ్చాడు. గోడను కింది నుంచి పైదాకా చూశాడు. అతనికి చదువు రాదు.

“ఏమని రాసిండాది సార్?”

రామదాసే చదివి చెప్పవలసి వచ్చింది.

“ఇది మా పాప రాసిండేదా?”

“ఇంకెవరు రాస్తారు?”

మారెప్ప మొహం వెలిగిపోయింది.

“అంతా అదొక్కతే రాసిందా! అక్షరమ్ముక్క రాదు, గొర్లెంబడి పంపించుకో అని పోయిన నెల మీరే చెప్తిరి గదా సార్? దసరా నుంచి తోలుకపోదామని దానికి చిన్న కట్టె గూడ చేయిస్తి.”

రామదాసు గొంతు సవరించుకున్నాడు. ఆ మాట అన్నది నిజమే. ఇప్పుడు ఈశ్వరే రాసిందంటే, ఆ పిల్లకు రాయడం వచ్చని ఒప్పుకోవాలి.

“నేను రాయలేదు నాయనా,” అంది పక్కనే నిలబడిన ఈశ్వరి.

“ఊరికే ఉండు,” అన్నాడు మారెప్ప మురిసిపోతూ. “సార్, ఇంగ నేను బడి మాన్పించను.” మంద దగ్గరికి పోయాడు.

ఆ మధ్యాహ్నం రామదాసు పడుకోలేదు.

“అందరితో ప, వ రాయించు టీచర్. తప్పు రాసినోళ్ళే దొంగ.”

“పుస్తకంలో రాయమంటే జాగ్రత్త పడతారు సార్. ఆటలాగా రాయించాల.”

రామదాసు ఆలోచించాడు. “ఆటలాగానే రాయించు. ఎవరికీ అనుమానం రాకూడదు.”

పుష్పావతి మంగళవారం మొదలుపెట్టింది. వంట చేసే తిరుపాలమ్మ పళ్ళెంలో పలచగా రాగిపిండి పరిచి ఇచ్చింది. పిల్లలు దాంట్లో వేలితో రాశారు. బుధవారం ఎర్రమట్టిలో బండంత ప గీసి, దాని మీద చెనక్కాయలు పేర్చారు. తప్పు లేకుండా పేర్చినవాళ్ళు ఆ కాయలు తినొచ్చు. గురువారం ఒకరి వీపు మీద ఒకరు రాసి, ఏ అక్షరమో చెప్పమన్నారు.

రామదాసు కిటికీలోంచి చూస్తూ పేర్లు రాసుకున్నాడు. మొదటి రోజు తొమ్మిది మంది మీద అనుమానం. వారం తిరిగేసరికి ఇద్దరు. తర్వాతి బుధవారానికి ఈశ్వరి ఒక్కతే.

ఆ రోజు రామదాసు స్వయంగా వచ్చి నేల మీద కూర్చున్నాడు. చొక్కా సర్దుకుని ఈశ్వరి వైపు వీపు తిప్పాడు.

“పడవలో మొదటి అక్షరం రాయి పాపా.”

ఈశ్వరి భయపడుతూ రాసింది. వేలు మెల్లగా తిరిగింది. పిల్లలంతా దగ్గరికి జరిగారు.

“ప,” అన్నాడు రామదాసు. తానూ వేలితో నేల మీద రాసి చూసుకున్నాడు. “ప నే.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. రామదాసు జాబితాలో చివరి పేరు కొట్టేశాడు.

శుక్రవారం గోడ మీద కొత్త రాత కనిపించింది. ‘సారు యాతో ఆడడు.’

“ఈసారి మ బదులు య,” అన్నాడు రామదాసు. కోపం కన్నా పట్టుదల ఎక్కువగా ఉంది ఆ గొంతులో. “మొదలుపెట్టు టీచర్.”

ఈ విడత ఆటల్లో అతను రోజూ కూర్చున్నాడు. చెనక్కాయలు ఇంటి నుంచి తెచ్చాడు. వీపు చూపించీ చూపించీ అతని చొక్కా వెనక భాగం రాగిపిండితో నిండిపోయేది. ఇట్లా నెలన్నర గడిచింది.

ఒక సాయంత్రం మారెప్ప మంద బడి ముందు నుంచి పోతుంటే రామదాసు ఆగి చూశాడు. ప్రతి గొర్రె వీపు మీదా ఎర్రరంగుతో ‘ఈ’ అని రాసి ఉంది. ఒక్కటీ తప్పు లేదు.

“మా పాపే సార్!” అని రోడ్డు మీంచి అరిచాడు మారెప్ప. “ఇంగ నా గొర్లు యాడ తప్పిపోయినా దొరుకుతాయి!”

రామదాసు విచారణ ముగించాడు. ఇప్పుడు బడిలో ప, వ గాని మ, య గాని తారుమారు చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి దొంగ ఈ బడి పిల్ల కాదు, ఎవరో బయటివాళ్ళు. గోడకు సున్నం వేయించాడు.

“ఇంక ఆటలు చాలు టీచర్. రేపట్నుంచి కాపీ పుస్తకాలు తీయించు.”

“అట్లే సార్,” అంది పుష్పావతి.

మరునాడు అందరికంటే ముందు బడికి వచ్చిన పుష్పావతి, పిల్లలకు ఒత్తులు ఇంకా రానందున, బొగ్గుముక్కను ఎప్పట్లాగే ఎడమచేత్తో పట్టుకుని కొత్త సున్నం మీద ‘సారుకు ఎకాలు రావు’ అని రాసింది.