నిండుకుంది

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. నిదానానికీ, తప్పులకీ మన్నించండి.

ఇంటింటి గోడలోనూ అడిగింది పంపే యంత్రం వచ్చింది. మనం అన్న ప్రతి మాటనూ అది నిండనో, ఖాళీ అనో ఒక గడిలో వేసుకుంటుంది. ఒకింట్లో యజమాని సింహాద్రికి ఎగశ్వాస మొదలైంది.

“ఊపిరి మందు నిండుకుంది బాబూ, పంపు,” అంది భార్య పైడమ్మ.

“నిండుగా ఉందని వేశాను. పంపక్కర్లేదు,” అంది యంత్రం.

“ఓరి నీ జిమ్మడ! నిండుకుందంటే మా ఇంట్లో నేదని. ఖాళీ గడిలో వెయ్యి!”

“గడి మార్చడానికి యజమాని గొంతు కావాలి.”

సింహాద్రికి గొంతు పెగలడం లేదు. మంచం మీద మనిషుండగా అనకూడని మాటను పైడమ్మ ఏడుస్తూ అరిచింది.

“అయిపోయిందిరా!”

“ఏ గడిలో వేయమంటారు? మందా, మనిషా?”

పైడమ్మ మంచం వైపు తిరగలేదు.

“మందేరా... మందే!”

— గొర్లె నారాయణమ్మ, డెబ్బై ఒక్కేళ్ళు, ప్రస్తుతం బొబ్బిలి.