ఎర్ర పెన్సిల్

"షీటు అలా మడవకూడదమ్మా."

జిరాక్స్ షాపు మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన అన్నాడు.

ధాత్రి తలెత్తి చూసింది. మెడలో తువ్వాలు, చెవి మీద పెన్సిల్ ముక్క. ప్లాన్లు మడిచిపెట్టడానికి అమీర్‌పేట షాపుల్లో ఇలాంటివాళ్లు ఒకరిద్దరు ఉండనే ఉంటారు.

"పేరున్న గడి పైకి కనబడాలి. ఇటివ్వండి."

ఇచ్చేసింది. వాదించే ఓపిక లేదు. రేపే విమానం. కెనడా నుంచి పెట్టుకొచ్చిన రెండు వారాల సెలవూ ఒక్క సంతకం వెతకడంలోనే కరిగిపోయింది.

హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ఇళ్లు గీసింది. కెనడాలో మూడేళ్లుగా వేరేవాళ్ల డ్రాయింగుల్లో బాత్రూం టైల్స్ గీస్తోంది. ఆర్కిటెక్టు అనిపించుకోవాలంటే అక్కడి లైసెన్సు కావాలి. ఆ ఎనిమిదేళ్లు లెక్కలోకి రావాలంటే, అప్పుడు ఎవరి కింద పనిచేసిందో ఆ ఆర్కిటెక్టు ఫారం మీద సంతకం పెట్టాలి. గడువు ఈ వారంతో సరి.

"సంతకం సార్ దొరికిండా మేడమ్?" మిషను దగ్గర నుంచి షాపు సాయిలు అడిగాడు.

"లేదన్నా. బోరబండ ఇల్లు ఖాళీ చేసి ఏడాదయిందట. ఫోన్ ఇంకెవరో ఎత్తుతున్నారు."

ముసలాయన చేతులు ఆగాయి.

"ఏ ఆఫీసమ్మా మీది?"

"పంజాగుట్టలో విజయేందర్ గారిది. మూసేశారు."

"మరి ఆయన సంతకం పనికిరాదా?"

"ఆయనకు లైసెన్సు లేదండి. ప్లాన్ల మీద సంతకాలన్నీ బుల్లబ్బాయి గారని ఒకాయనవి. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆఫీసు గడప తొక్కలేదు. సాయంత్రం షీట్లు వెళ్లేవి, పొద్దునకి సంతకంతో వచ్చేవి. సంతకం అమ్ముకునే మనిషి."

"మరి పని ఎవరు నేర్పారమ్మా?"

"విజయేందర్ గారే. షీటు నిండా ఎర్ర పెన్సిల్‌తో దిద్ది ఇచ్చేవారు. నాకొచ్చిందంతా ఆ దిద్దుళ్లలో నేర్చుకున్నదే. ఈ బుల్లబ్బాయి గారి వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు ఆయన కోసమే ఊరంతా తిరుగుతున్నాను."

ముసలాయన తలూపాడు. ఒకే మడతను మళ్లీ మళ్లీ గోటితో నొక్కాడు.

లైసెన్సు కోసం ఫారంతో పాటు పంపాల్సిన కొత్త డిజైను షీటు ఆయన చేతికొచ్చింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మెట్ల మీద దూలం బాగా కిందికొచ్చిందమ్మా."

ధాత్రికి ఒళ్లు మండింది. రెండు వారాలుగా ఈ ఊళ్లో ప్రతివాళ్లూ ఆమెకు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు.

"నేను ఆర్కిటెక్టునండి. మీరు మడత పెట్టండి, చాలు."

"అలాగేనమ్మా."

ఫారం కూడా కాపీలకిచ్చి, గంటలో వస్తానని చెప్పి పంజాగుట్టకు ఆటో ఎక్కింది. ఇన్నాళ్లూ ఊళ్లో లేని విజయేందర్ ఇవాళే తిరిగొచ్చాడు.

విజయేందర్ ఇప్పుడు మాడ్యులర్ కిచెన్లు అమ్ముతున్నాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. సంతకం మాటకొచ్చేసరికి చేతులెత్తేశాడు.

"నా తాన సుత నంబర్ లేదమ్మా. ఆఫీసు బంద్ చేసిన కాంచి సార్‌తోని మాటల్లేవు."

"పోనీ మీరొక ఉత్తరం రాసివ్వండి సార్. నా షీట్లు దిద్దింది మీరే కదా."

"నేనా?" విజయేందర్ నవ్వాడు. "నేను బీకాం చదివినోన్నమ్మా. స్కేలు పట్టుడు సుత సక్కగ రాదు నాకు. గా ఎర్ర పెన్సిల్ బుల్లబ్బాయి సార్‌దే."

ధాత్రి చాయ్ కప్పు టేబుల్ మీద పెట్టేసింది.

"మరి ఆయన ఎప్పుడూ రాలేదుగా?"

"మోకాళ్లు పోయినయ్ సార్‌కి. మనది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అందుకే షీట్లు ఇంటికి పంపేటోన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

విజయేందర్ ఖాళీ కప్పు పక్కకు జరిపాడు.

"నువ్వడగలే. మస్తు నేర్పిన్రు సార్ అని నువ్వంటుంటే నాకు సుత బాగనే ఉండె."

తిరుగుదారిలో ట్రాఫిక్ కదల్లేదు. ఆటోలో ధాత్రి కళ్లు మూసుకుంది. లైసెన్సు సంగతి అటుంచి, ఆ మనిషిని అంత మాట అన్నందుకు మనసు చివుక్కుమంది. అన్నది ఎవరో తెలియని ముసలాయన ముందు కాబట్టి సరిపోయింది, బుల్లబ్బాయి గారి చెవిన పడలేదు కదా అనుకుంది.

షాపుకు వచ్చేసరికి మూలన స్టూలు ఖాళీగా ఉంది. సాయిలు కాగితాల కట్ట అందించాడు.

"పెద్దాయన జరసేపు చూసిండు మేడమ్ మీ కోసం. కాకినాడ బస్సుకు టైమైతుందని లక్డీకాపూల్ పోయిండు. ఇగ బిడ్డ తాన్నే ఉంటడట, ఇయ్యాలే ఆఖరు."

"సరేనన్నా."

"మీ పని అయిపోయిందని చెప్పమన్నడు."

"నా పని ఎక్కడయిందన్నా," అంది నీరసంగా.

షీట్లన్నీ ఒకే కొలతలో, పేరు గడి పైకి వచ్చేలా మడిచి ఉన్నాయి. కొత్త డిజైను షీటు విప్పింది. మెట్ల దగ్గర చిన్న సున్న చుట్టి, పక్కనే రెండు ముక్కలు రాసి ఉన్నాయి: తల తగులుతుంది.

ఎర్ర పెన్సిల్.

ధాత్రి ఆ స్టూలు మీదే కూర్చుంది. ఫారం చివరి పేజీ తిప్పింది.

రెండు వారాలుగా ఖాళీగా ఉన్న గడిలో, ఎనిమిదేళ్లు ప్రతి షీటు మూలనా ఆమె చూసిన బుల్లబ్బాయి గారి సంతకం ఉంది.